గ్లోబు మీది దారం

విమాన సంస్థను నడిపే కంప్యూటర్ ఆటలు ఆడేవాళ్లు ఏదో ఒకరోజు ఆ పని చేసి తీరతారు. అప్పటిదాకా రెండేసి ఊళ్ల మధ్య అటూ ఇటూ తిప్పిన విమానాలతో తనివి తీరదు. ఒక నగరం దగ్గర మొదలుపెట్టి, పడమరగా ఒక్కో మజిలీ కలుపుకుంటూ పోయి, మళ్లీ బయలుదేరిన చోటికే చేరే గీత గీస్తారు. భూమి చుట్టూ ఒకే రూటు, ఒకే ఫ్లైటు నంబరు. గీసినంతసేపూ కళ్లు చెదిరిపోయేంత అందంగా ఉంటుంది. నెల తిరిగేసరికి లెక్కల పేజీ నిండా ఎర్ర అంకెలు కనిపిస్తాయి.

ఆ గీతను ఒక సంస్థ నిజంగానే ఆకాశంలో గీసింది. 1947 నుంచి 1982 దాకా నిలబెట్టింది కూడా. దాని పేరు పాన్ యామ్. ఎర్ర అంకెలు దానికీ వచ్చాయి. అది తన మజిలీలను ఒక్కొక్కటిగా అమ్ముకుంటూ కూలిపోయిన తీరు తలచుకుంటే, ఎన్నేళ్లయినా గుండె బరువెక్కుతుంది.

మజిలీలున్న రూటు వేయడం ఈ ఆటల్లో అన్నిటికన్నా కష్టమైన విద్య. రెండు ఊళ్ల మధ్య అయితే లెక్క తేలిక: ఎంతమంది ఎక్కారు, ఎంత ఇంధనం కాలింది, ఎంత మిగిలింది. అదే లండన్, ఇస్తాంబుల్, కరాచీ, ఢిల్లీ అని నాలుగు ఊళ్లు వరుసగా పెడితే ఒకే సీటును ఆరు రకాలుగా అమ్మవచ్చు. లండన్‌లో ఎక్కిన మనిషి ఇస్తాంబుల్‌లో దిగిపోతే, ఆ సీటుకు అక్కడ ఇంకొకరు దొరకాలి. దొరక్కపోతే అది కరాచీ దాకా ఖాళీగానే ఎగురుతుంది. పోనీ లండన్ నుంచి ఢిల్లీ దాకా వెళ్లే మనిషికే ఇద్దామా అంటే, మూడు ముక్కలుగా అమ్మితే వచ్చేదానికన్నా ఆ టికెట్‌కు తక్కువే వస్తుంది. దిగిన ప్రతిచోటా ల్యాండింగ్ రుసుము కట్టాలి. మళ్లీ పైకి లేవడానికి ఇంధనం ఎక్కువ కాలుతుంది. ఒక ఊళ్లో రెండు గంటలు ఆలస్యమైతే ఆ తర్వాతి ఊళ్లన్నీ ఆ రెండు గంటలూ మోయాలి. కోయెయ్ సంస్థ 1992లో తెచ్చిన ఏరోబిజ్‌లోనైతే ప్రతి నగరానికీ మనిషిని పంపి, విమానం దింపుకునే హక్కు కోసం నెలల తరబడి బేరమాడించాలి.

అయినా మజిలీలు ఎందుకు పెడతారంటే, ఒక్కో ఊరికి విడిగా విమానాన్ని నింపే సత్తా ఉండదు కనుక. నాలుగు ఊళ్ల జనం కలిస్తే నిండుతుంది. కొత్త ఆటగాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. మధ్యలో ఒక లెగ్, అంటే రెండు మజిలీల మధ్య ముక్క, నష్టంలో ఉందని కనిపించగానే దాన్ని తీసేస్తారు. ఆ లెగ్ మీదుగా వచ్చే ప్రయాణికులే మిగతా లెగ్‌లనూ నింపుతున్నారని తర్వాతి నెల తెలుస్తుంది. అప్పుడు మరొకటి తీసేస్తారు. పాన్ యామ్ పెద్దలు చివరి పదేళ్లూ సరిగ్గా ఇదే చేశారు. తేడా ఏమిటంటే, వాళ్లు తీసేసిన ప్రతి లెగ్ వెనకా ఉద్యోగాలున్నాయి, కుటుంబాలున్నాయి.

సంస్థను నిలబెట్టిన హువాన్ ట్రిప్ ఆఫీసులో ఒక పెద్ద గ్లోబు ఉండేది. దాని మీద దారం పట్టి ఊరికీ ఊరికీ మధ్య దూరాలు కొలిచేవాడు. 1927లో ఫ్లోరిడా కొసన ఉన్న కీ వెస్ట్ నుంచి క్యూబా రాజధాని హవానాకు టపా మోసే పనితో సంస్థ మొదలైంది. నూరు మైళ్లు కూడా లేని దారి అది. అప్పటికి ట్రిప్ వయసు 28. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ దారం పసిఫిక్ మహాసముద్రాన్ని దాటింది.

పసిఫిక్‌ను ఒక్క గెంతులో దాటగల విమానం అప్పుడు లోకంలో లేదు. అందుకని ట్రిప్ సముద్రం మధ్య మెట్లు వెతికాడు. శాన్‌ఫ్రాన్సిస్కో, హొనొలులు, మిడ్వే, వేక్, గువామ్, మనీలా. వీటిలో వేక్ దీవిలో మనిషి లేడు, తాగే నీరు లేదు. 1935లో నార్త్ హేవెన్ అనే ఓడ నిండా సామానుతో బయలుదేరి మిడ్వేలోనూ వేక్‌లోనూ రెండు చిన్న ఊళ్లే కట్టింది. నీటి మీద దిగే విమానానికి దారి కోసం వేక్ మడుగులోని పగడపు దిబ్బలను డైనమైట్ పెట్టి పేల్చారు. తాగడానికి వాన నీరు పట్టుకున్నారు. ఆ ఏడాది నవంబరు 22న ఎడ్విన్ ముసిక్ నడిపిన చైనా క్లిప్పర్ విమానం లక్షకు పైగా ఉత్తరాలతో బయలుదేరి, దాదాపు 60 గంటలు గాలిలో గడిపి, ఏడో రోజుకు మనీలా చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హొనొలులు దాకా ఉన్న మొదటి లెగ్గే 2,400 మైళ్లు. ఆ దూరానికి సరిపడే ఇంధనం నింపితే ఇక బరువు మోయలేదు కనుక ఆ లెగ్‌లో కొద్దిమందినే ఎక్కించుకునేవారు. మొత్తం రూటు మోయగలిగే భారాన్ని అందులోని అతి పొడవైన లెగ్ నిర్ణయిస్తుందని ఇవాళ ఆట ఆడే పిల్లలకు తెలుసు. ట్రిప్‌కు అది తొంభై ఏళ్ల కిందటే తెలుసు.

ఈ మెట్ల మీద ప్రాణాలు పోయాయి. ముసిక్ 1938 జనవరిలో సమోవా దగ్గర విమానం పేలి చనిపోయాడు. చైనా క్లిప్పర్ తరగతి విమానాలు కట్టిందే మూడు. 1945 నాటికి మూడూ పోయాయి. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగేసరికి రాబర్ట్ ఫోర్డ్ అనే కెప్టెన్ న్యూజీలాండ్ దారిలో ఉన్నాడు. వచ్చిన దారిన ఇంటికి వెళ్లే వీలు లేదు. ముందెన్నడూ ఎగరని దారుల్లో, సరైన పటాలు కూడా లేకుండా, పడమటికి తిరిగి ఒక్కో మజిలీ వెతుక్కుంటూ ఎగిరాడు. జావాలోని సురబాయాలో విమాన ఇంధనం చాలక కారు పెట్రోలు పోయించుకున్నాడు. సిలోన్‌లోని ట్రింకోమలీ, కరాచీ, బహ్రెయిన్, ఖార్తూమ్, కాంగో, బ్రెజిల్ మీదుగా 1942 జనవరి 6న న్యూయార్క్‌లో దిగాడు. మజిలీల రూటు వేయడం గురించి ఇంతకు మించిన వీరగాథ నేను వినలేదు.

1947 జూన్ 17న న్యూయార్క్ లాగార్డియా నుంచి క్లిప్పర్ అమెరికా బయలుదేరింది. భూమిని చుట్టే మొదటి షెడ్యూల్డు సర్వీసు అది. లండన్, ఇస్తాంబుల్, కరాచీ, కలకత్తా, బాంకాక్, మనీలా, షాంఘై, టోక్యో, ఆ తర్వాత పాత పసిఫిక్ మెట్లు. కరాచీ నుంచి కలకత్తా ఎగిరిన ఆ జూన్ నెలలో రెండూ ఇంకా ఒకే దేశంలో ఉన్నాయి. రెండు నెలలు తిరిగేసరికి అది రెండు దేశాల మధ్య లెగ్ అయిపోయింది. పడమరగా వెళ్లేది ఒకటో నంబరు, తూర్పుగా వెళ్లేది రెండో నంబరు. ఈ రెండు నంబర్లూ తర్వాత ఎన్ని ఊళ్లు మార్చుకున్నా, ఢిల్లీ, కరాచీ, బేరూట్, ఫ్రాంక్‌ఫర్ట్, హాంకాంగ్ వంటి పేర్లతో దశాబ్దాల పాటు బతికాయి. 1965లో అమెరికా వలస చట్టం మారాక చదువుకో ఉద్యోగానికో బయలుదేరిన మన డాక్టర్లు, ఇంజినీర్లలో ఎందరో ఢిల్లీకో కలకత్తాకో రైల్లో వెళ్లి పాన్ యామ్ ఎక్కారు. పాన్ యామ్ ఇచ్చిన నీలం సంచిని ఏళ్ల తరబడి దాచుకున్న ఇళ్లున్నాయి.

కాని ఆ వలయం ఎన్నడూ పూర్తి వలయం కాలేదు. న్యూయార్క్‌కూ శాన్‌ఫ్రాన్సిస్కోకూ మధ్య, సొంత దేశంలో, ప్రయాణికులను ఎక్కించుకునే హక్కు పాన్ యామ్‌కు లేదు. విదేశాలన్నీ నీకు, దేశం లోపలి దారులు మిగతావాళ్లకు అన్నది అమెరికా ప్రభుత్వం అనుసరించిన పద్ధతి. కొన్నాళ్లకు విదేశీ దారుల్లోకీ మిగతావాళ్లను రానిచ్చింది. దేశం లోపలికి పాన్ యామ్‌ను మాత్రం రానివ్వలేదు. లోకం చుట్టూ దీపాలు పెట్టుకున్న సంస్థ డెన్వర్ నుంచో సెయింట్ లూయిస్ నుంచో ఒక్క ప్రయాణికుణ్ణి తన విమానంలో తన హబ్‌కు, అంటే రూట్లన్నీ కలిసే కేంద్రానికి, తెచ్చుకోలేకపోయింది. ప్రతి జంబో విమానాన్నీ ఇతర సంస్థలు దింపిన జనంతో నింపుకోవలసి వచ్చింది. ఆ సంస్థలు సొంతంగా సముద్రం దాటడం మొదలుపెట్టాక అది కూడా తగ్గిపోయింది. వేరు లేకుండా చెట్టును పెంచమన్నారు. ఇంత అన్యాయం మరే పెద్ద విమాన సంస్థకూ జరగలేదని నా అభిప్రాయం.

1966 ఏప్రిల్‌లో ట్రిప్ బోయింగ్‌కు 25 జంబో జెట్ల ఆర్డరు ఇచ్చాడు. విలువ 52.5 కోట్ల డాలర్లు. బోయింగ్ 747 పుట్టిందే ఆ ఆర్డరుతో. 1970 జనవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు మొదటి సర్వీసు నడిచింది. దాని ముందున్న 707 కన్నా రెట్టింపు మందికి పైగా పట్టే విమానం అది. న్యూయార్క్–లండన్‌లో నింపవచ్చు. కాని ఒకటో నంబరు మీద దాన్ని నడిపితే ఢిల్లీ నుంచి బాంకాక్‌కు, బాంకాక్ నుంచి హాంకాంగ్‌కు ఎవరు నింపాలి? సన్నని లెగ్‌ల మీద పెద్ద విమానం వేస్తే ఏమవుతుందో ఆటలో ఒక్క రాత్రిలో తేలిపోతుంది. పాన్ యామ్ విషయంలో ఏళ్లు పట్టింది. మాంద్యం వచ్చింది. 1973లో చమురు ధర మండింది. కట్టవలసిన అప్పు మాత్రం తగ్గలేదు.

అదే కాలంలో మజిలీల అవసరమే తీరిపోసాగింది. 1976లో వచ్చిన 747 ఎస్‌పీ అనే పొట్టి జంబో న్యూయార్క్ నుంచి టోక్యోకు ఎక్కడా ఆగకుండా ఎగిరింది. ఆ మే నెలలో పాన్ యామ్ ఆ విమానంతోనే భూమిని చుట్టింది. దారిలో ఆగినవి రెండే చోట్లు: ఢిల్లీ, టోక్యో. మొత్తం 46 గంటల చిల్లర. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఒకప్పుడు పన్నెండు పదిహేను మజిలీలుగా బతికిన రూటుకు రెండు మజిలీలు చాలునని తేల్చిచెప్పిన యాత్ర అది. ప్రయాణికులకు కూడా దారిలో దిగి ఎక్కే ఓపిక తగ్గింది. మజిలీలు కట్టడంలో లోకంలో అందరికన్నా నేర్పరి అయిన సంస్థకు ఆ నేర్పే పనికిరాకుండా పోయింది.

1978లో అమెరికా తన విమాన రంగాన్ని నియంత్రణల నుంచి విడుదల చేసింది. అర్ధ శతాబ్దం అడిగిన దేశీయ హక్కు చివరికి ఊరికే చేతికొచ్చింది. ఓపిక పట్టి ఒక్కో రూటూ వేసుకుని ఉంటే బతికేదేమో. పాన్ యామ్ తొందరపడింది. ఫ్లోరిడా కేంద్రంగా ఉన్న నేషనల్ ఎయిర్‌లైన్స్‌ను కొనడానికి పోటీ వేలంలోకి దిగి, 40 కోట్ల డాలర్లకు పైగా పోసి 1980 జనవరిలో దక్కించుకుంది. నేషనల్ రూట్లు ఎక్కువగా తూర్పు తీరంలో ఉత్తర దక్షిణాలుగా నడిచేవి. సముద్రాలు దాటే విమానాలకు జనాన్ని మోసుకొచ్చే అల్లిక వాటిలో లేదు. రెండు సంస్థల విమానాలు వేరు, జీతాలు వేరు. జీతాలను ఎక్కువ ఉన్నవైపు సమం చేయవలసి వచ్చింది. హబ్‌కు జనాన్ని చేర్చని రూట్లను డబ్బు పోసి కొనడం కన్నా పెద్ద తప్పు ఈ వ్యాపారంలో లేదు.

ఇక అమ్మకాలు. న్యూయార్క్ నడిబొడ్డున తన పేరు మోసిన ఆకాశహర్మ్యాన్ని 40 కోట్ల డాలర్లకు అమ్మింది. మజిలీల్లో ప్రయాణికులకు, సిబ్బందికి బస కోసం 1946లో మొదలుపెట్టిన ఇంటర్‌కాంటినెంటల్ హోటళ్లను 1981లో 50 కోట్లకు ఇచ్చేసింది. 1981 ఏప్రిల్‌లోనే ట్రిప్ కన్నుమూశాడు. మరుసటి ఏడాది భూమిని చుట్టే ఒకటో నంబరు, రెండో నంబరు సర్వీసులు ఆగిపోయాయి. ఆయన దాన్ని చూడలేదు. అదొక్కటే ఊరట.

1985 ఏప్రిల్‌లో పసిఫిక్ మొత్తాన్ని యునైటెడ్‌కు 75 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటన వచ్చింది. టోక్యో హక్కులు, అక్కడి నుంచి ఆసియా ఊళ్లకు వెళ్లే హక్కులు, 747 ఎస్‌పీ విమానాలు, వాటిని నడిపే మనుషులు, అన్నీ. వేక్ మడుగులో పగడాలు పేల్చి వేసిన దారి అది. నష్టాలు తెచ్చే కొమ్మ కూడా కాదు. సంస్థలో లాభం చూపిస్తున్న భాగమే. కొన్నవాళ్లకు దేశమంతా సొంత రూట్లున్నాయి, టోక్యో విమానాన్ని నింపుకోవడం వాళ్లకు కష్టం కాలేదు. వచ్చిన సొమ్ముతో పాన్ యామ్ కొన్నేళ్లు ఊపిరి పీల్చుకుంది. ప్రధానంగా అట్లాంటిక్ మీదే ఆధారపడిన ఆ సంస్థకు ఇక ఏ దెబ్బ తగిలినా తట్టుకునే మరో చేయి లేకుండా పోయింది. ఆ సంతకంతోనే పాన్ యామ్ పని అయిపోయిందని నా నమ్మకం.

దెబ్బలు తగలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1986 సెప్టెంబరు 5న బొంబాయి, కరాచీ, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా న్యూయార్క్ వెళ్లే 73వ నంబరు విమానం కరాచీలో ఆగి ఉండగా, భద్రతా సిబ్బంది వేషంలో వచ్చిన నలుగురు సాయుధులు దానిలోకి ఎక్కారు. హెచ్చరిక అందుకున్న పైలట్లు పైనున్న ద్వారం గుండా తప్పించుకోవడంతో విమానం కదల్లేదు. నీర్జా భానోత్, ఆమె తోటి సిబ్బంది అమెరికన్ల పాస్‌పోర్టులు దాచేశారు. దాదాపు పదిహేడు గంటల తర్వాత కాల్పులు మొదలైనప్పుడు నీర్జా ప్రయాణికులను బయటికి పంపుతూ ప్రాణాలు విడిచింది. ఆమెకు 23 ఏళ్లు నిండడానికి రెండే రోజులున్నాయి. భారత ప్రభుత్వం ఆమెకు అశోక చక్ర ఇచ్చింది. పాన్ యామ్ చరిత్ర ఎవరు రాసినా ఈ అమ్మాయి పేరు దగ్గర కలం ఆపి తల వంచాలి.

1988 డిసెంబరు 21. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్, న్యూయార్క్, డెట్రాయిట్ వెళ్లే 103వ నంబరు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్ దాకా చిన్న 727 విమానం; లండన్‌లో ప్రయాణికులూ సామానూ 747కు మారాలి. సన్నని లెగ్‌కు చిన్న విమానం, బరువైన లెగ్‌కు పెద్ద విమానం వేసి ఒకే నంబరు కింద నడపడం మజిలీల రూటులో తెలివైన ఏర్పాటు. ఆ ఏర్పాటులోని సందుల్లోంచే బాంబు ఉన్న పెట్టె జారింది. మనిషి వెంట లేకుండా మాల్టాలో మొదలైన ఆ పెట్టె ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకసారి, లండన్‌లో ఒకసారి విమానం మారిందని తర్వాత స్కాటిష్ న్యాయస్థానం నిర్ధారించింది. లండన్ నుంచి లేచిన 38 నిమిషాలకు స్కాట్లండ్‌లోని లాకర్బీ మీద విమానం ముక్కలైంది. విమానంలో ఉన్న 259 మంది, నేల మీద 11 మంది చనిపోయారు. సెలవులకు ఇళ్లకు వెళ్తున్న సిరాక్యూజ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 35 మంది వారిలో ఉన్నారు. ఆ తర్వాత పాన్ యామ్ ఎక్కడానికి జనం భయపడ్డారు. వాళ్లను తప్పు పట్టలేం.

1990లో కువైట్ ఆక్రమణతో ఇంధనం ధర మళ్లీ పెరిగింది, ప్రయాణాలు తగ్గాయి. 1991 జనవరి 8న పాన్ యామ్ దివాలా రక్షణ కోరింది. లండన్ హీత్రూ హక్కులు యునైటెడ్‌కు 29 కోట్లకు వెళ్లాయి. మిగిలిన అట్లాంటిక్ రూట్లు, ఫ్రాంక్‌ఫర్ట్ హబ్, తూర్పు తీరం షటిల్ సర్వీసు డెల్టాకు 41.6 కోట్లకు వెళ్లాయి. మయామీ నుంచి లాటిన్ అమెరికాకు ఎగిరే చిన్న సంస్థగా పాన్ యామ్‌ను బతికిస్తామని డెల్టా ఒప్పుకుంది. డిసెంబరు మొదట్లో ఆ మాట నుంచి వెనక్కి తగ్గింది.

డిసెంబరు 4న బార్బడోస్‌లో 436వ నంబరు విమానం కెప్టెన్ మార్క్ పైల్‌కు సంస్థ మూతపడిందన్న కబురు అందింది. ఆయన ప్రయాణికులను ఎక్కించుకుని ఆ 727ను మయామీ తీసుకొచ్చాడు. దిగేముందు రన్‌వే మీదుగా ఒకసారి తక్కువ ఎత్తున ఎగిరాడు. పాన్ యామ్ షెడ్యూలులో అదే ఆఖరి రాక. వేలమంది ఉద్యోగులకు ఆ రోజుతో పని పోయింది.

ఆ నెలలోనే జరిగిన వేలంలో లాటిన్ అమెరికా రూట్లు 13.5 కోట్లకు యునైటెడ్ చేతికి పోయాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మన దేశం వైపు వచ్చే లెగ్ డెల్టా పేరుతో కొన్నాళ్లు నడిచింది. న్యూయార్క్ భవనం మీది అక్షరాలను తర్వాత దింపేశారు. మిగిలింది పేరు ఒక్కటే. 1993లో అది కూడా 13 లక్షల డాలర్ల చిల్లరకు అమ్ముడుపోయింది. ఆ పేరు పెట్టుకుని తర్వాత లేచిన సంస్థలేవీ భూమిని చుట్టే రూటు నడపలేదు.